ఇసుక మీద స్టేజీ వేసే ముందు: విశాఖ కచేరీల నిర్వాహకులకు, అధికారులకు బహిరంగ లేఖ

విశాఖ తీరంలో సంగీత కచేరీలు జరిపే ఈవెంట్ నిర్వాహకులకు, వాటికి అనుమతులిచ్చే నగరపాలక, పోలీసు, పర్యాటక, అటవీ శాఖల అధికారులకు నమస్కారం.

నేను పదమూడేళ్లుగా సౌండ్ పనిలో ఉన్నాను. మొదటి మూడేళ్లు కేబుళ్లు చుట్టాను, స్పీకర్లు మోశాను. ఇప్పుడు మిక్సర్ ముందు నిలబడుతున్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు కచేరీల డబ్బుతోనే కడుతున్నాం. కచేరీలు ఆపేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సముద్రపు గాలిలో వేలమంది ఒక్కసారిగా పల్లవి అందుకుంటే ఒళ్లు ఎలా జలదరిస్తుందో నాకు తెలుసు. ఏసీ హాల్లో అది రాదు. నా పిల్లలు కూడా ఆ ఇసుకలో నిలబడి పాటలు వినాలని నా కోరిక. ఇప్పుడు మనం చేస్తున్న పద్ధతి చూస్తే మాత్రం వాళ్లు పెద్దయ్యేసరికి ఆ తీరం ఎలా ఉంటుందోనని దిగులుగా ఉంది. ఆ పద్ధతిలో నా చేతులూ ఉన్నాయి, అందుకే రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో నగరానికి ఉత్తరాన ఒక బీచ్‌లో షో చేశాం. జనం బాగా వచ్చారు. చివరి పాటకి పేపర్ బ్లాస్ట్ పేల్చారు. పేపర్ అని పిలుస్తాం గానీ అందులో సగం వెండి రంగు పూత పూసిన ప్లాస్టిక్ రేకులు. లైట్లలో అవి గాల్లో తేలుతుంటే ఎంత బాగుంటుందో మీకు తెలుసు. షో అయ్యాక లైట్లు వేలాడదీసే ట్రస్‌లు విప్పి, సామాను లారీకి ఎక్కించేసరికి తెల్లవారుజామున నాలుగు దాటింది. అప్పటికే పారిశుద్ధ్య కార్మికులు వచ్చేశారు. నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. తలకి తువ్వాళ్లు చుట్టుకుని, సెల్‌ఫోన్ లైట్ల వెలుగులో ఏరుతున్నారు. సీసాలు, గ్లాసులు సంచుల్లోకి వెళ్లాయి. రేకులు మాత్రం చేతికి రావడం లేదు. వాళ్లలో ఒకావిడ నడుం పట్టుకుని లేచి, "రోడ్డయితే ఊడ్సేత్తాం బాబూ, ఇసకని ఎలా ఊడుత్తాం?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

తెల్లారాక మళ్లీ అక్కడికే వెళ్లాను. తాపీ పనికి వాడే ఇసుక జల్లెడ ఒకటి పట్టుకెళ్లాను. స్టేజీ ముందు, జనం నిలబడిన చోట, నాలుగడుగుల మేర ఇసుక జల్లిస్తే రెండు దోసిళ్ల చెత్త తేలింది. వెండి రేకులు, సిగరెట్ పీకలు, వాటర్ ప్యాకెట్ల మూలలు, వైర్లు కలిపి బిగించే ప్లాస్టిక్ కేబుల్ టైల ముక్కలు. కేబుల్ టైలు మావే. మా కుర్రాళ్లు కట్టర్‌తో కోసి కింద పడేసినవి. వేలమంది తొక్కిన ఇసుకలో అవన్నీ జానెడు లోతుకి దిగిపోయాయి. పైన చూస్తే బీచ్ శుభ్రంగా ఉంది. ఆ పొద్దున ఎవరైనా ఫొటో తీస్తే, షో తర్వాత ఎంత బాగా శుభ్రం చేశారో అనుకుంటారు.

ఇంకో రెండు వందల అడుగులు నడిచాక, తాబేళ్ల గూళ్లకి కాపలా కాసే మత్స్యకార పెద్దాయన కనిపించారు. ఆయన కింద చూపించారు. అలల అంచు నుంచి ట్రాక్టర్ టైరు అచ్చులాంటి జాడ ఒకటి పైకి వచ్చింది. కొంత దూరం వచ్చి, పక్కకి తిరిగి, మళ్లీ నీళ్లలోకే దిగిపోయింది. ఎక్కడా గుంత తవ్విన గుర్తు లేదు.

"గుడ్లెట్టనేదు బాబూ. ఎలుతురు సూసి ఎనక్కెల్లిపోనాది" అన్నారాయన.

ఆ తాబేలు మా లైట్లకే బెదిరిందని నేను రుజువు చేయలేను. రోడ్డు దీపాలున్నాయి, హోటళ్ల దీపాలున్నాయి. కానీ ఆ రాత్రి ఆ తీరంలో అన్నిటికన్నా పెద్ద వెలుగు మాదే. సన్నటి పదునైన కిరణాలు వదిలే షార్పీ లైట్లు సముద్రం మీదకి తిప్పి, ఆకాశంలో గీతలు గీశాం. ఆ సంగతి నాకూ తెలుసు, లైట్ల బోర్డు దగ్గరున్న తమ్ముడికీ తెలుసు.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి జనవరి నుంచి ఏప్రిల్ వరకూ గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆడ తాబేలు రాత్రి చీకట్లో ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గుంత తవ్వి, 100కి అటూ ఇటుగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికి వస్తాయి. మామూలు రాత్రుల్లో నేల వైపు కన్నా సముద్రం మీది ఆకాశమే కాస్త వెలుగ్గా ఉంటుంది. పుట్టగానే ఆ వెలుగు పట్టుకుని అవి నీళ్లలోకి పరిగెడతాయి. వెనకనుంచి అంతకన్నా పెద్ద వెలుగు కనిపిస్తే అటే వస్తాయి, రోడ్డెక్కుతాయి, కుక్కల పాలవుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో పులికిచ్చిన రక్షణే ఈ తాబేలుకీ ఉంది. అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు రాత్రంతా తిరిగి గుడ్లు సేకరించి హ్యాచరీల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. ఒకవైపు అంత శ్రమ పడుతూ, అదే తీరంలో, అదే నెలల్లో, లక్ష వాట్ల వెలుతురుకి మరోవైపు సంతకం పెడుతున్నాం.

కాబట్టి నా మొదటి విన్నపం అధికారులకి. జనవరి 1 నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా ఇసుక మీద రాత్రి కచేరీకి ఎవరికీ అనుమతి ఇవ్వకండి. ఎంత పెద్ద గాయకుడు వచ్చినా, ఎవరి సిఫార్సు ఉన్నా ఇవ్వకండి. ఆ నాలుగు నెలలు బీచ్ రోడ్డుకి ఇటువైపు మైదానాలున్నాయి. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ గ్రౌండ్స్‌లాంటివి. అక్కడ కూడా సముద్రపు గాలి వస్తుంది. మిగతా నెలల్లో బీచ్‌లో పెట్టినా స్టేజీ వీపు సముద్రం వైపు ఉండాలి, ఏ లైటూ నీళ్ల మీదకి తిరగకూడదు, షో అవ్వగానే పని లైట్లు తగ్గించాలి. సామాను సర్దడానికి పగలులాంటి తెల్లటి ఫ్లడ్ లైట్లు అక్కర్లేదు. నేల వైపు వంచిన, ముసుగు వేసిన పసుపు లైట్లు చాలు. మేం ఆ వెలుగులో పని చేయగలం.

ఇక నా పని గురించి, అంటే సౌండ్ గురించి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండుగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. ఇది మనందరికీ తెలుసు. ఎక్కువమందికి పట్టనిది బాస్ సంగతి, అంటే గుండెల్లో అదిరే ఆ లోతు శబ్దం సంగతి. గొంతు, గిటారు కొంత దూరంలో పలచబడిపోతాయి. సబ్‌ల నుంచి, అంటే బాస్ కోసమే పెట్టే పెద్ద స్పీకర్ల నుంచి వచ్చే శబ్దం గోడల్లోంచి కూడా వెళ్లిపోతుంది. తీరం వెంట జాలారి పల్లెలున్నాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి పడవ దించాల్సిన మనిషికి రాత్రి పదకొండింటికి మంచం అదురుతుంటే ఎలా ఉంటుంది? సబ్‌లను శబ్దం ముందుకే ఎక్కువ వెళ్లేలా కార్డియాయిడ్ పద్ధతిలో పేరిస్తే వెనక్కి పోయే బాస్ బాగా తగ్గుతుంది. జనం మధ్యలో డిలే టవర్లు, అంటే వెనకవాళ్లకి వినిపించే అదనపు స్పీకర్లు పెడితే ముందు స్పీకర్లను అంత గట్టిగా మోగించాల్సిన పని లేదు. దీనికి రెండు మూడు సబ్‌లు ఎక్కువ కావాలి, ఒక గంట కొలతలు తీసుకోవాలి. మీరు మాకు ఆ గంట ఇవ్వరు. ఉదయం ఆరింటికి ఇవ్వాల్సిన గ్రౌండ్ మధ్యాహ్నం పన్నెండింటికి ఇచ్చి, నాలుగింటికి సౌండ్ చెక్ అంటారు. ఆ టెన్షన్‌లో ఎవరూ కొలతలు తీయరు, సౌండ్ పెంచే ఫేడర్ పైకి తోసేస్తారు.

జనరేటర్ల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వృథాలో పెద్ద వాటా అక్కడే ఉంది, బాగు చేయడం సులభమూ అక్కడే. ప్రతి షోకీ సౌండుకొకటి, లైట్లకొకటి, వాటికి మళ్లీ స్టాండ్‌బై తెస్తాం. ఒక్కో పార్ క్యాన్ స్టేజీ లైటు 1000 వాట్లు తాగే రోజుల్లో వేసుకున్న లెక్క అది. ఇప్పుడు అదే పని చేసే ఎల్‌ఈడీ పార్‌కి 200 వాట్లు కూడా పట్టడం లేదు. లైట్లు మారాయి, జనరేటర్ సైజు మారలేదు. అడిగితే "రిస్క్ ఎందుకు, ఉండనీ" అంటారు. తక్కువ లోడు మీద నడిచే పెద్ద జనరేటర్ డీజిల్‌ని దండగ చేస్తుంది, నల్ల పొగ ఎక్కువ వదులుతుంది. మధ్యాహ్నం సౌండ్ చెక్ నుంచి అర్ధరాత్రి లోడింగ్ దాకా అది నడుస్తూనే ఉంటుంది. ఒక్క లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. నిర్వాహకులు టెక్నికల్ రైడర్ (కళాకారులు తమకి ఏ సామాను కావాలో రాసి పంపే జాబితా) రాగానే ఎన్ని కిలోవాట్లు కావాలో మాతో కూర్చుని లెక్క కట్టించండి. సగానికి సగం తగ్గిపోయిన షోలు నేను చూశాను. అధికారులను అడిగేది ఇంకొకటి: ఏటా కచేరీలు జరిగే మైదానాల్లో విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ చేత ఒక శాశ్వత త్రీఫేజ్ పాయింట్ పెట్టించండి. మీటర్ ప్రకారం అద్దె వసూలు చేయండి. అప్పుడు జనరేటర్ స్టాండ్‌బైగా మాత్రమే ఉంటుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2024 ఆగస్టులో మాసివ్ ఎటాక్ అనే సంగీత బృందం ఆరుబయట రోజంతా నడిచిన షోని బ్యాటరీల మీద నడిపింది. మనకి అంత అక్కర్లేదు, ముందు వైరు లాగుదాం.

నీళ్ల సీసాల దగ్గర నాకు నిజంగా బాధ కలుగుతుంది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలు లాక్కుని ఒక మూల కుప్ప పోస్తారు. సగం తాగిన సీసాలు, పిల్లల స్కూలు బాటిళ్లు కూడా. లోపలికి వెళ్లాక అదే మనిషి స్టాల్‌లో ఇంకో సీసా కొనుక్కోవాలి. ఒక్కో మనిషికి రెండు సీసాల చెత్త మన గేటే తయారు చేస్తోంది. స్టేజీ మీదకి విసురుతారన్న భయం ఉంటే ఖాళీ చేయించి లోపలికి పంపండి, లోపల నీళ్లు పోయండి. ఇరవై లీటర్ల క్యాన్లకి కుళాయిలు బిగించి పది చోట్ల వరసగా పెట్టినా చాలు. ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ సంగీత పండుగకి లక్షల్లో జనం వస్తారు. 2019 నుంచి అక్కడ ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మడం మానేశారు. జనం తమ సీసాలు తామే తెచ్చుకుని నింపుకుంటున్నారు.

గ్లాసులకి డిపాజిట్ పద్ధతి పెట్టండి. ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. గోలీ సోడా తాగి సీసా ఇచ్చేసి వెళ్లిన జాతి మనది. మన పక్కన నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసా మీద 10 రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇస్తున్నారు. అదే ఏడాది కేదార్‌నాథ్ యాత్రలోనూ నీళ్ల సీసాల మీద 10 రూపాయల డిపాజిట్ పెట్టారు. ఆ ఏర్పాటు చేసింది హైదరాబాద్ సంస్థే. స్టీలు గ్లాసుకో గట్టి కప్పుకో 50 రూపాయలు డిపాజిట్ పెట్టి చూడండి. కింద పడేసినవాడు ఉన్నా, దాన్ని ఏరుకుని వచ్చి 50 తీసుకునే కుర్రాడు ఇంకొకడు ఉంటాడు. కాగితం కప్పులు మంచివనుకోకండి, వాటి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. "బయోడిగ్రేడబుల్" అని ముద్ర వేసిన కప్పుల్లో చాలావరకు పెద్ద కంపోస్ట్ ప్లాంట్ వేడిలోనే కుళ్లుతాయి, మన ఇసుకలో అలాగే పడి ఉంటాయి. తిండికి మన మన్యంలో గిరిజనులు కుట్టే అడ్డాకుల విస్తళ్లున్నాయి. పెళ్లిళ్లలో వాటిలో తిని పెరిగినవాళ్లమే కదా. స్టాల్ ఇచ్చేటప్పుడే ఈ షరతు రాసేస్తే, కొన్ని వేల విస్తళ్లకి ముందే ఆర్డర్ వెళితే, పాడేరు వైపు నాలుగు కుటుంబాలకి పని దొరుకుతుంది.

స్టేజీ అలంకరణ సంగతీ అంతే. థర్మోకోల్ ఏనుగులు, థర్మోకోల్ వీణలు ఇంకా కనిపిస్తున్నాయి. అలంకరణకి వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ దానికన్నా ముందే, జూన్ 5 నుంచే ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని నిషేధించింది. నిషేధం ఉన్న వస్తువు స్టేజీ మీద లైట్ల కింద మెరుస్తుంటే చూసే పిల్లలు ఏం నేర్చుకుంటారు? అరుణాచల్‌లో జీరో లోయలో 2012 నుంచి సంగీత పండుగ జరుగుతోంది. స్టేజీలు అక్కడి ఆపతానీ ప్రజలు వెదురుతో కడతారు. ఆ స్టేజీల ఫొటోలు చూస్తే ఆ ఊరు గుర్తుంటుంది. మనకి వెదురుంది, తాటాకుంది, శ్రీరామనవమి పందిరి వేసే చేతులున్నాయి. ఒక తాటాకు పందిరి కింద మంచి లైటింగ్‌తో స్టేజీ చూపించమనండి, దానికన్నా అందమైన బ్యాక్‌డ్రాప్ ఏ ఎల్‌ఈడీ వాల్ ఇస్తుంది?

రాకపోకల గురించి క్లుప్తంగా. పెద్ద సంగీత పండుగల కాలుష్యం లెక్కలు తీసినప్పుడల్లా సింహభాగం ప్రేక్షకుల ప్రయాణాలదే అని తేలుతోంది. రాత్రి షో విడిచాక మద్దిలపాలెం, గాజువాక, మధురవాడ వెళ్లడానికి బస్సు ఉండదు. అందుకే ప్రతి ఒక్కరూ బండి తెస్తారు. సింహాచలం గిరి ప్రదక్షిణకి 32 కిలోమీటర్లు నడవడానికి వచ్చే భక్తుల కోసం ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. పదివేల మంది వచ్చే కచేరీకీ వేయొచ్చు. బస్సు చార్జీ టికెట్‌లోనే కలిపేయండి, షో అయిన గంట దాకా బస్సులు ఉంచండి. ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా మీకు దండం పెడతారు.

ఖర్చు ఎవరు భరించాలి అంటారు. చిన్న నిర్వాహకుల పరిస్థితి నాకు తెలుసు, స్పాన్సర్ చెక్కు ఆలస్యమైతే మాకు ఇవ్వాల్సిన డబ్బుకే ఇబ్బంది పడతారు. అందుకే దీన్ని ఒక్కరి మంచితనానికి వదిలేస్తే జరగదు. ఒకరు చేసి ఇంకొకరు చేయకపోతే చేసినవాళ్లు నష్టపోతారు. అందరికీ ఒకే షరతు ఉండాలి, అది అనుమతి పత్రంలోనే ఉండాలి. లైసెన్సు లేని చోట 100 మందికి మించి జనం చేరే కార్యక్రమం పెడితే స్థానిక సంస్థకి మూడు పనిదినాల ముందే తెలియజేయాలని, చెత్తను అక్కడికక్కడే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే రాశారు. దానికి ఇంకో రెండు వాక్యాలు కలపండి. ఒకటి, వచ్చే జనాన్ని బట్టి నిర్వాహకుడు డిపాజిట్ కట్టాలి. రెండు, షో మర్నాడు పొద్దున గ్రౌండ్ తిరిగి అప్పగించేటప్పుడు అధికారి, నిర్వాహకుడు, పక్క పల్లె నుంచి ఒక మత్స్యకారుడు కలిసి నాలుగు చోట్ల ఇసుక జల్లించి చూడాలి. శుభ్రంగా ఉంటేనే డిపాజిట్ తిరిగి ఇవ్వాలి. లేకపోతే ఆ డబ్బు రాత్రంతా ఏరిన పారిశుద్ధ్య కార్మికులకి ఇచ్చేయాలి. ఇసుకలో దిగిపోయేదాన్ని తర్వాత ఎవరూ ఏరలేరని ఒక్కసారి చేతి నుంచి డబ్బు పోతే అర్థమవుతుంది. అప్పుడు పేపర్ బ్లాస్ట్ వద్దని నిర్వాహకులే చెబుతారు, కేబుల్ టైలు ఏరమని మా కుర్రాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

కళాకారులు కూడా అడగాలి. బ్రిటిష్ రాక్ బృందం కోల్డ్‌ప్లే వాళ్లు 2025 జనవరిలో నవీ ముంబై, అహ్మదాబాద్‌లలో పాడారు. ఈ ప్రపంచ యాత్రలో తమ ప్రత్యక్ష కర్బన ఉద్గారాలు వెనకటి యాత్ర కన్నా 59 శాతం తగ్గాయని 2024లోనే ప్రకటించారు. చేతికి కట్టే లైటు బ్యాండ్లు 86 శాతం తిరిగి వచ్చాయట. జనం ఇస్తారు, అడిగితే ఇస్తారు. మన గాయకులు స్టేజీ మీద ఒక్కమాట అంటే చాలు, నాలాంటివాళ్లు వంద ఉపన్యాసాలు చెప్పినా రాని ఫలితం వస్తుంది.

2022 ఆగస్టు 26న గోకుల్ పార్క్ నుంచి భీమిలి దాకా వేలమంది దిగి 76 టన్నుల ప్లాస్టిక్ ఏరారు. నేనూ వెళ్లాను, చేతులు బొబ్బలెక్కాయి. 2020లో రుషికొండ బీచ్‌కి బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చినప్పుడు సంబరపడ్డాం. 2025 మొదట్లో కొన్నాళ్లు అది పోయినప్పుడు ఊరంతా సిగ్గుపడింది, శుభ్రం చేసుకుని మళ్లీ తెచ్చుకున్నాం. ఈ ఊరివాళ్లకి తీరం మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఆ ప్రేమని ఏరడానికే ఎందుకు వాడుకుంటున్నారు, పడకుండా చూడటానికి వాడుకోండి అని మిమ్మల్ని అడుగుతున్నాను.

వచ్చే సీజన్ అనుమతుల మీటింగ్‌కి ముందు ఒక రోజు పొద్దున ఐదింటికి, ఏ కచేరీ తర్వాతైనా సరే, బీచ్‌కి రండి. నిర్వాహకులు, అధికారులు ఎంతమంది వచ్చినా మంచిదే. తాబేళ్ల కాపలా పెద్దాయనని నేను పిలుస్తాను. జల్లెడలు నాలుగు కొని ఉంచాను.

ఇట్లు,
మీ షోలకి సౌండ్ పెట్టే ఒక విశాఖవాసి